వేములవాడ ఆదిత్యగృహం

పదో శతాబ్దంలో వేములవాడలో సూర్యుడికి ఒక గుడి ఉండేది. ఆనాటి శాసనం దాన్ని ఆదిత్యగృహం అంది. ఇవాళ రాజన్న (రాజరాజేశ్వరుడు) దర్శనానికి వచ్చి, ధర్మగుండం కోనేట్లో మునిగి, కోడెను కట్టి మొక్కు తీర్చుకునేవాళ్లు ఆ పేరు విని ఉండరు. ఆ పేరుతో పూజలందుకునే గుడి ఊళ్లో లేదు. ఈ గుడి గురించి తెలిసిందల్లా రాతల నుంచి తెలిసిందే. ఆ రాతలు నాలుగు రకాలు: ఒక రాతిశాసనం, ఒక ఆస్థాన కావ్యం, ఒక జైనాచార్యుడి చంపువు, స్థలపురాణం. నాలుగూ ఒకే బరువు తూగవు. గుడిని కీర్తించడానికే కూర్చున్నవాడి మాటకన్నా, దానితో పెద్దగా పని లేనివాడు మరో సందర్భంలో అనేసిన మాటకే చరిత్రకారుడి దగ్గర విలువ ఎక్కువ. వేములవాడలో రెండు రకాల మాటలూ దొరుకుతాయి కాబట్టి, పోయిన గుడికి సాహిత్యం ఎంతవరకు సాక్ష్యం పలకగలదో ఇక్కడ పక్కపక్కన పెట్టి చూడవచ్చు.

ఊరు, వంశం

వేములవాడ మూలవాగు ఒడ్డున, సిరిసిల్లకు పదిపన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉంది. ఉత్తరాన కోరుట్ల, జగిత్యాల దాటితే గోదావరి. 2016 అక్టోబరులో రాజన్న సిరిసిల్ల, జగిత్యాల జిల్లాలు ఏర్పడేదాకా ఇదంతా కరీంనగర్ జిల్లాయే. పదో శతాబ్దం శాసనాల్లో ఈ ప్రాంతం పేరు సబ్బినాడు, ఊరి పేరు లేంబులవాడ.

ఇక్కడి నుంచి పాలించిన చాళుక్యులు రాష్ట్రకూటులకు సామంతులు. బాదామి, వేంగి, కల్యాణి చాళుక్యుల పక్కన వీళ్లది చిన్న శాఖ. మొదట బోధన్ (ఆనాటి పోదనం) వీళ్ల కేంద్రం. పర్భణిలో దొరికిన రాగిరేకులు ఈ వంశాన్ని ఆదిత్యుడి నుంచి పుట్టించి, మూలపురుషుడు యుద్ధమల్లుడు పోదనంలో నూనె నింపిన బావిలో ఏనుగులకు స్నానం చేయించేవాడని చెప్తాయి. నూనెబావి సంగతి నమ్మినా నమ్మకపోయినా, మన విషయానికి ఆదిత్యుడి ప్రస్తావన ముఖ్యం. వేంగి, కల్యాణి చాళుక్యులు చంద్రవంశం చెప్పుకున్న చోట వీళ్లు సూర్యవంశం చెప్పుకున్నారు. అలాంటి రాజుల రాజధానిలో సూర్యుడికి గుడి ఉండటం ఆశ్చర్యం కాదు. అలాగని వంశావళి ఒక్కటే గుడికి సాక్ష్యమూ కాదు. సూర్యవంశం చెప్పుకున్న రాజులు దేశంలో ఎందరో ఉన్నారు, వాళ్లందరూ సూర్యుడికి గుళ్లు కట్టలేదు.

వంశంలో పేరు పడ్డవాళ్లు ముగ్గురు. నలభైరెండు యుద్ధాలు గెలిచాడని చెప్పే మొదటి బద్దెగుడు తొమ్మిదో శతాబ్దం రెండో సగం వాడు. నరసింహుడు రాష్ట్రకూట మూడో ఇంద్రుడి వెంట ఉత్తరాదికి దండెత్తాడు. ఆయన కొడుకు రెండో అరికేసరి సుమారు 930 నుంచి 955 దాకా ఏలాడు. ఆదిత్యగృహం పేరున్న శాసనం ఈ అరికేసరిదే.

శాసనం చెప్పేది

వేములవాడలో దొరికిన ఈ రాతిశాసనం సంస్కృతంలో ఉంది. వంశంలో ఒక్కొక్కరినీ పొగుడుతూ అరికేసరిదాకా వచ్చి, చివర అసలు పనికి దిగుతుంది. ఆ పని ఆదిత్యగృహానికి భూమి ఇవ్వడం. దానశాసనాలన్నీ ఇలాగే నడుస్తాయి. ముందు భాగం కవిది, వెనుక భాగం కరణానిది అనుకోవచ్చు. కవి ఎన్ని అతిశయోక్తులైనా చేస్తాడు. భూమి సంగతి రాసేవాడికి ఆ వీలు లేదు. లేని గుడికి ఎవరూ పొలం రాయించరు, రాసిన పొలం ఏ దేవుడిదో తప్పు చెక్కించరు. కాబట్టి అరికేసరి కాలానికి ఆదిత్యగృహం అనే కట్టడం ఉందని, దానికి పూజాపునస్కారాలు నడుస్తున్నాయని ఈ ఒక్క ఆధారంతోనే నిశ్చయంగా చెప్పవచ్చు. ఎంత పెద్దది, రాయా ఇటుకా, శిఖరం ఉందా లేదా అన్న సంగతులు ఇందులో రావు. శాసనం పొలాన్ని వర్ణిస్తుంది గానీ గుడిని వర్ణించదు.

ఇదే శాసనం పొగడ్త భాగంలో అంతగా ఎవరూ పట్టించుకోని ముచ్చట ఒకటుంది. అరికేసరి తండ్రి నరసింహుడు ఏడు మాళవాలను లొంగదీసి, గూర్జర రాజును ఓడించి, కాలప్రియలో విజయస్తంభం నాటాడని అది చెప్తుంది. ఈ కాలప్రియ ఎక్కడన్నది చాలాకాలం తేలలేదు. ఎనిమిదో శతాబ్దపు నాటకకర్త భవభూతి తన మూడు నాటకాలూ కాలప్రియనాథుడి యాత్రలో ఆడించేందుకు రాశానన్నాడు. పాత వ్యాఖ్యాతలు ఆ దేవుణ్ని ఉజ్జయిని మహాకాలుడు అనుకున్నారు. రాష్ట్రకూట నాలుగో గోవిందుడి 930 నాటి కాంబే రాగిరేకుల్లో మరో ఆనవాలు దొరికింది. మూడో ఇంద్రుడి ఏనుగులు కాలప్రియ ప్రాంగణంలో దంతాలతో గుంటలు పెట్టాయని, ఆ తర్వాత సేన యమున దాటిందని అందులో ఉంది. ఉజ్జయిని యమున ఒడ్డున లేదు. వరాహపురాణం సూర్యక్షేత్రాలు చెప్తూ యమునకు దక్షిణాన కాలప్రియను పేర్కొంది. వీటన్నిటినీ కలిపి చూసిన వాసుదేవ విష్ణు మిరాశి, కాలప్రియ అంటే యమున ఒడ్డున ఉన్న నేటి కాల్పి అనీ, కాలప్రియనాథుడు సూర్యుడే అనీ వాదించాడు. ఆ గుడి కూడా ఇప్పుడు లేదు.

అంటే పోయిన రెండు సూర్యాలయాల ప్రస్తావన ఒకే రాతిమీద ఉంది. ఒకటి యమున ఒడ్డుది, ఒకటి మూలవాగు ఒడ్డుది. తండ్రి ఉత్తరాదిన పేరున్న సూర్యక్షేత్రం చూసి వచ్చాడు, కొడుకు కాలంలో సొంత ఊళ్లో ఆదిత్యగృహం దానం పొందింది. మొదటిదాని ప్రభావంతో రెండోది వెలిసిందని చెప్పడానికి ఎవరికైనా నోరూరుతుంది. శాసనం మాత్రం ఆ ముడి వేయలేదు, కాబట్టి మనమూ వేయకూడదు. భవభూతి నాటకాల ప్రస్తావనలూ, యుద్ధ వర్ణనా, పురాణ శ్లోకమూ ఒకదాన్నొకటి బలపరిస్తేనే కాల్పి సంగతి తేలిందన్నది గుర్తుంచుకుంటే చాలు. వేములవాడకూ అదే పద్ధతి వర్తిస్తుంది.

పంప మౌనం

అరికేసరి ఆస్థానకవి పంప కన్నడ ఆదికవి. 941లో ఆదిపురాణం రాశాడు, ఆ తర్వాత విక్రమార్జున విజయం. వాళ్లది వేంగినాడు నుంచి వచ్చిన కుటుంబం. తండ్రి వైదిక బ్రాహ్మణ్యం విడిచి జైనం పుచ్చుకున్నాడు. విక్రమార్జున విజయంలో భారతకథ అరికేసరి కథ అవుతుంది, అర్జునుడే అరికేసరి. సూర్యవంశం చెప్పుకున్న రాజును చంద్రవంశపు అర్జునుడిగా నిలబెట్టిన కవి ధైర్యానికి ఆ సభలో ఎవరూ అడ్డుచెప్పలేదంటే, వంశాల పట్టింపు మనం అనుకున్నంత గట్టిది కాదేమో.

పంప కావ్యం వేములవాడ చరిత్రకు గొప్ప ఆధారం. బద్దెగుడు వేంగి చాళుక్య భీముణ్ని నీళ్లలో మొసలిని పట్టినట్టు పట్టాడన్న సంగతి, నరసింహుడు గంగలో గుర్రాలకు నీళ్లు పోయించిన సంగతి, అరికేసరి రాష్ట్రకూట నాలుగో గోవిందుణ్ని ఎదిరించిన రాజకీయం ఇందులో ఉన్నాయి. ఇంత చెప్పిన కవి ఆదిత్యగృహం ఊసెత్తలేదు. దీన్నిబట్టి గుడి లేదనలేం. కవికి రాజు కావాలి, రాజు శౌర్యం కావాలి, ఊళ్లోని గుళ్ల జాబితా అతని పని కాదు. కావ్యం మౌనంగా ఉన్నంత మాత్రాన గుడి లేకపోదు. దీనికి శాసనమే రుజువు. శాసనం దొరకని ఊళ్లలో, కావ్యంలో లేదు కాబట్టి గుడి లేదు అనేవాళ్లు ఈ సంగతి కాస్త గమనించాలి.

కర్ణుడి మీద పంపకున్న అభిమానం కన్నడ సాహిత్యంలో అందరికీ తెలుసు. భారతంలో తలుచుకోవలసినవాడు కర్ణుడే అన్నంత దూరం వెళ్తాడు. సూర్యపుత్రుడి మీది ఈ మమకారాన్ని ఊళ్లోని సూర్యాలయానికి ముడిపెట్టే ఉత్సాహం కలగవచ్చు. అది సాహిత్య విమర్శగా చదువుకోవడానికి బాగుంటుంది, సాక్ష్యంగా పనికిరాదు.

రాజు పంపకు ధర్మవురం అనే అగ్రహారం ఇచ్చాడు. దాన్ని జగిత్యాల జిల్లా ధర్మపురిగా గుర్తించినవాళ్లున్నారు, ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. పేరు పోలికతో ఊరిని నిర్ణయించడం తెలంగాణ పల్లెల్లో ప్రమాదం, ధర్మారాలూ ధర్మపురాలూ అడుగడుగునా తగులుతాయి.

సోమదేవసూరి

నాలుగు రాతల్లో అతి తక్కువగా వాడుకున్నదీ, నా దృష్టిలో అతి ఆసక్తికరమైనదీ సోమదేవసూరి యశస్తిలక చంపువు. సోమదేవుడు గౌడసంఘానికి చెందిన దిగంబర జైనాచార్యుడు, నీతివాక్యామృతం రాసిన రాజనీతిజ్ఞుడు కూడా. గ్రంథం చివర తాను ఎక్కడ ఎప్పుడు ముగించాడో చెప్పాడు. శకం 881, అంటే 959, చైత్రమాసం. రాష్ట్రకూట మూడో కృష్ణుడు మేల్పాడి విడిదిలో ఉన్న సమయం. అరికేసరి పెద్దకొడుకు పాలనలో ఉన్న గంగధార అనే ఊరు. ఈ గంగధారను కరీంనగర్ జిల్లాలోని నేటి గంగాధరగా గుర్తించారు. వేములవాడకు అది దూరం కాదు. ఇంత కచ్చితంగా చోటూ తేదీ చెప్పిన గ్రంథం ఆ శతాబ్దంలో అరుదు.

కథ మాత్రం ఇక్కడిది కాదు. యౌధేయ దేశంలో రాజపురం, అక్కడ చండమారి దేవత గుడి, కౌలాచార్యుడి మాట విని నరబలికి సిద్ధపడ్డ మారిదత్త మహారాజు, బలికి పట్టుకొచ్చిన ఇద్దరు జైన బాలతపస్వులు, వాళ్లు చెప్పిన యశోధరుడి కథ. చండమారి గుడి వర్ణన ఒళ్లు జలదరించేలా ఉంటుంది. దాన్ని పట్టుకుని వేములవాడ చుట్టుపక్కల అలాంటి గుడి ఉండేదని ఎవరైనా అంటే అది కావ్యాన్ని తప్పు చదవడమే. యశోధరుడి కథ జైన సాహిత్యంలో సోమదేవుడికి ముందునుంచీ ఉంది, చండమారి ఆ కథతోపాటు వచ్చిన దేవత. 1949లో యశస్తిలకం మీద పెద్ద గ్రంథం వెలువరించిన కృష్ణకాంత హందికి ఈ చంపువును దేశమంతటి మతాచారాలకు అద్దంగా చదివాడు, ఒక ఊరి చరిత్రగా కాదు.

అయితే కథ ముగిశాక వచ్చే శ్రావకధర్మ భాగం వేరు. అక్కడ సోమదేవుడు జనం మూఢంగా చేసే పనుల పట్టిక ఇస్తాడు. అందులో మొట్టమొదటిది సూర్యుడికి అర్ఘ్యం ఇవ్వడం. తర్వాత గ్రహణస్నానం, సంక్రాంతినాడు ద్రవ్యం ఖర్చుపెట్టడం వంటివి. ఇలాంటి పట్టికలు జైన గ్రంథాల్లో పరిపాటి. కానీ సోమదేవుడికి చాలా ముందువాడైన సమంతభద్రుడి రత్నకరండ శ్రావకాచారంలో ఇదే సందర్భంలో నదీ సముద్రస్నానాలు, రాళ్లూ ఇసుకా కుప్పపోయడం, కొండమీంచి దూకడం, అగ్నిలో పడటం ఉన్నాయి. సూర్యుడి మాట లేదు. మధ్య శతాబ్దాల్లో పట్టిక పెరిగింది, పెరిగినప్పుడు సూర్యార్ఘ్యం ముందు వరసలోకి వచ్చింది.

సోమదేవుడు వేములవాడ ఆదిత్యగృహాన్ని చూసే ఈ మాట రాశాడా? అలా తీర్మానించడానికి వీల్లేదు. అర్ఘ్యం ఇవ్వడానికి గుడి అక్కర్లేదు, చెరువుగట్టు చాలు. అయినా సూర్యారాధనను తప్పుపట్టవలసినంతగా అది జనంలో ఉందని ఈ ప్రాంతంలో కూర్చుని రాసిన పరమతస్థుడు మనకు చెప్తున్నాడు. భక్తుడి స్తోత్రం కంటే ప్రత్యర్థి గద్దింపు గట్టి సాక్ష్యం. శాసనం కట్టడాన్ని రుజువు చేస్తే చంపువు ఆ కట్టడం చుట్టూ ఉన్న వాడుకను చూపుతుంది.

పోయిన జినాలయం, మిగిలిన గుట్ట

ఆదిత్యగృహం ఒక్కటే పోలేదు. సోమదేవుడి కోసం అరికేసరి కొడుకు రెండో బద్దెగుడు వేములవాడలో జినాలయం కట్టించాడు. 966లో మూడో అరికేసరి ఆ జినాలయానికి ఊరొకటి దానం చేశాడు. పైన చెప్పిన పర్భణి రాగిరేకులు ఆ దానపత్రమే. గుడి పేరు శుభధామ జినాలయం. ఇచ్చిన ఊరు రేపాక పన్నెండు ఊళ్ల విభాగంలోది. సిరిసిల్ల దిక్కున రేపాక అనే ఊరు ఇప్పటికీ ఉంది.

దానం ఎందుకంటే విరిగినవీ పగిలినవీ బాగుచేయడానికి, సున్నం వేయడానికి, బలి నైవేద్యాలకు. గుడి కట్టి కొన్నేళ్లయినా కాలేదు, అప్పుడే విరిగిందా అనిపిస్తుంది. విరగలేదు. ఈ మాటలు ఆ కాలపు దానపత్రాలన్నిటిలో వచ్చే మూస. మూస మాటను వార్తగా తీసుకుంటే ప్రతి కొత్త గుడీ శిథిలాలయం అవుతుంది.

జినాలయం విషయంలో అదృష్టం ఏమిటంటే, రాగిరేకు మీది మాటను రాయి బలపరిచింది. బద్దెగుడు సోమదేవసూరి కోసం జినాలయం కట్టించాడని చెప్పే చిన్న శాసనం వేములవాడలో దొరికిన జైన విగ్రహపీఠం మీద ఉంది. గుడి లేదు, పునాది ఎక్కడో తెలియదు, అయినా పేరు, కర్త, గురువు, విగ్రహం నాలుగూ కలిశాయి. ఆదిత్యగృహానికి ఇంకా అలాంటి రాయి దొరకలేదు.

కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్టది మరో కథ. పంప తమ్ముడు జినవల్లభుడు ఆ గుట్టరాతి మీద జినబింబాలనూ జైనదేవత చక్రేశ్వరినీ చెక్కించి, సంస్కృతం, కన్నడం, తెలుగు మూడింటిలో శాసనం వేయించాడు. అందులోని తెలుగు కందపద్యాలు నన్నయకు వంద ఏళ్ల ముందువి. 2008లో తెలుగుకు ప్రాచీన హోదా వచ్చిన చర్చల్లో ఈ గుట్ట పేరు తరచు వినబడింది. అన్న పేరు నిలవడానికి కవితాగుణార్ణవమనే చెరువు తవ్వించాననీ, మదనవిలాసమనే తోట వేయించాననీ, త్రిభువనతిలకమనే బసది (జైనాలయం) కట్టించాననీ జినవల్లభుడు చెప్పుకున్నాడు. చెక్కిన బొమ్మలు కొండరాయి కాబట్టి నిలిచాయి. పేర్చిన రాళ్లతో కట్టిన బసది నిలవలేదు. ఒకే శాసనంలో చెప్పిన నాలుగు పనుల్లో ఒకటి కంటికెదురుగా నిజమైతే తక్కినవాటినీ నమ్మడానికి బలం వస్తుంది.

భాస్కర క్షేత్రం

ఇప్పటి వేములవాడ గుళ్లలో రాజరాజేశ్వరాలయం ప్రధానం. భీమేశ్వరాలయం, నగరేశ్వరాలయం, కేదారేశ్వరాలయం, బద్ది పోచమ్మ గుడి ప్రసిద్ధమైనవి. రాజన్న గుడి ఆవరణలో దర్గా కూడా ఉంది. వీటిలో భీమేశ్వరాలయాన్ని మొదటి బద్దెగుడి పేరిట వెలసిన బద్దెగేశ్వరంగా చరిత్రకారులు గుర్తించారు. బద్ది పోచమ్మ పేరులో ఆ బద్దెగుడే ఉన్నాడని కొందరంటారు. నిజమైతే రాజు శివాలయంలో కన్నా గ్రామదేవత దగ్గర ఎక్కువకాలం బతికాడన్నమాట.

తెలుగు సాహిత్యంలో ఈ ఊరి పేరు మోసినవాడు వేములవాడ భీమకవి. శ్రీనాథుడు కాశీఖండంలో ఆయన ఉద్దండతను తలుచుకున్నాడు. 1656 నాటి అప్పకవీయంలో నన్నయ భీమకవి గ్రంథాన్ని అణచాడనీ, భీమకవి నన్నయ వ్యాకరణాన్ని మాయం చేశాడనీ కథ ఉంది. భీమేశ్వరుడి వరప్రసాది అని చెప్పే ఈ కవి ఊరు ఈ వేములవాడా, లేక దాక్షారామం దగ్గరి వేములవాడా అన్నది తెగని వాదం. చాటువులు చేతులు మారుతూ వచ్చాయి, వాటితో గుడి గోడలు లేపడం కుదరదు.

అసలు చిక్కూ చమత్కారమూ స్థలపురాణంలో ఉన్నాయి. వేములవాడకు భాస్కర క్షేత్రం అని మరో పేరు. భవిష్యోత్తర పురాణంలోనిదని చెప్పే ఆ కథలో, అంగవైకల్యం పొందిన సూర్యుడు ఇక్కడికి వచ్చి రాజరాజేశ్వరుణ్ని కొలిచి బాగుపడ్డాడు. వృత్రుణ్ని చంపిన దోషం ఇంద్రుడు ఇక్కడే కడుక్కున్నాడు. పరీక్షిత్తు మనుమడు రాజరాజనరేంద్రుడు బ్రహ్మహత్యాదోషంతో తిరిగి తిరిగి ధర్మగుండంలో మునిగి, అందులో దొరికిన లింగానికి గుడి కట్టాడు.

బద్దెగుడు, అరికేసరి, వంద ఏళ్ల రాజధాని వైభవం ఈ కథలో మచ్చుకైనా లేవు. ఊరిని నిజంగా ఏలినవాళ్లను స్థలపురాణం మరిచిపోయి, పరీక్షిత్తు మనుమణ్ని తెచ్చుకుంది. కానీ సూర్యుణ్ని మరవలేదు. ఉత్తరాది సూర్యక్షేత్రాల పురాణాల్లో కుష్ఠురోగి సాంబుడు సూర్యుణ్ని కొలిచి బాగవుతాడు, అక్కడ సూర్యుడు వైద్యుడు. వేములవాడలో ఆయనే రోగి. ఒకప్పుడు సొంత గుడిలో దానాలు పుచ్చుకున్న దేవుడు తర్వాతి కాలపు కథలో పక్కగుడి దేవుడికి మొక్కుకునే యాత్రికుడయ్యాడు. శైవం బలపడి, సూర్యుడికి వేరే గుడి లేని రోజుల్లో ఇలాంటి కథ పుట్టడం సహజం.

ఇది నా వ్యాఖ్యానం, దీనికి హద్దులున్నాయి. సూర్యుడు వచ్చి శివుణ్ని పూజించాడనే కథ చాలా శైవక్షేత్రాల్లో ఉంది. ఎవరి స్థలపురాణాన్నైనా భవిష్యోత్తర పురాణంలోనిదని చెప్పడం దక్షిణదేశంలో ఆనవాయితీ. శాసనం లేకుండా భాస్కర క్షేత్రం అన్న పేరు ఒక్కటే చూపి ఇక్కడ సూర్యాలయం ఉండేదని వాదిస్తే దాన్ని పక్కకు పెట్టేయవచ్చు. శాసనం ఉంది కాబట్టే ఆ పేరు ఒట్టి అలంకారం కాదేమో అని మళ్లీ చూడవలసి వస్తుంది. స్థలపురాణం చోటును బాగా గుర్తుంచుకుంటుంది, కర్తనూ కాలాన్నీ గుర్తుంచుకోదు.

చుట్టుపక్కల

వేములవాడ తర్వాత రెండు వందల ఏళ్లకు కూడా ఈ నేలమీద సూర్యారాధన ఉందనడానికి హనుమకొండ వేయిస్తంభాల గుడి చాలు. 1163లో కాకతి రుద్రదేవుడు కట్టించిన ఆ త్రికూటంలో రుద్రేశ్వరుడు, వాసుదేవుడు, సూర్యుడు ముగ్గురికీ గర్భగుళ్లు ఉన్నాయని శాసనం చెప్తుంది. ఇవాళ శివుడు ఉన్నాడు, సూర్యుడి గర్భగుడిలో ఆనాటి విగ్రహం లేదు. గుడి నిలిచీ దేవుడు పోయిన ఉదాహరణ ఇది. అచింతేంద్రుడు రచించిన ఆ శాసనమే జగిత్యాల పక్కనున్న పొలాస (ఆనాటి పొలవాస) రాజుల ఓటమినీ వర్ణిస్తుంది. పొలవాస మేడరాజు, జగ్గదేవుడు కాకతీయుల్ని ఎదిరించిన పాత సామంతులు. జగ్గదేవుడి పేరు మీదే జగిత్యాల అంటారు. పొలాసలోని పౌలస్త్యేశ్వరాలయానికి వచ్చేసరికి జనం పొలవాస రాజుల్ని దాటి రావణుడి తాత పులస్త్యుడిదాకా వెళ్లారు. వేములవాడలో జరిగిందే ఇక్కడా జరిగింది.

ధర్మపురి నరసింహుడికి శేషప్పకవి శతకం ఉంది. మకుటంలోనే క్షేత్రం పేరు ఉండటంతో తెలుగు పిల్లలకు గుడి చూడకముందే ఊరు తెలిసింది. కవి కాలానికి స్వామి అక్కడ ఉన్నాడనడానికి అది సాక్ష్యం, అంతకు ముందరి కట్టడం ఎలాంటిదో శతకం చెప్పదు. కోరుట్లలో పాత కోనేటిని చాళుక్యుల కాలానిదని చెప్తారు. వెల్గటూరు మండలం కోటిలింగాల శాతవాహన స్థలం. అక్కడి తవ్వకాలు, సిముకుడి నాణేలు తెలంగాణ చరిత్రను వెనక్కి జరిపాయి. సుత్తనిపాతంలో గోదావరి ఒడ్డున అస్సక దేశంలో బావరి ఆశ్రమం ఉందన్న మాటను ఈ ప్రాంతానికే చేర్చి చదువుతారు. అది ఆశ్రమం సంగతి, గుడి సంగతి కాదు.

రాత మాత్రమే మిగిలిన సూర్యాలయాల్లో అన్నిటికన్నా పెద్ద పేరు ముల్తాన్‌ది. ఏడో శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ అక్కడి బంగారు విగ్రహాన్ని వర్ణించాడు. అరబ్బు రచయితలు ఆదాయం లెక్కలతో సహా రాశారు. పదకొండో శతాబ్దంలో అల్ బెరూనీ విగ్రహాన్ని ఎవరు పగలగొట్టారో చెప్పాడు. వేర్వేరు మతాలవాళ్లు, వేర్వేరు భాషల్లో, వేర్వేరు శతాబ్దాల్లో చెప్పారు కాబట్టి గుడి ఉనికిని ఎవరూ శంకించరు. వేములవాడకు యాత్రికులెవరూ రాలేదు, వచ్చినా రాయలేదు. ఆదిత్యగృహం ఎలా పోయిందో చెప్పే అల్ బెరూనీ కూడా లేడు. 973లో రాష్ట్రకూట రాజ్యం కూలింది, దాంతోపాటే ఈ సామంతుల జాడా పోయింది. రాజు పోతే దానం నడవదు, దానం నడవకపోతే దీపం పెట్టేవాడుండడు. కూలిన గుడి స్తంభం మరో గుడి మండపంలోకో, ఊరి బావి గట్టులోకో చేరడం ఈ ప్రాంతంలో మామూలు. ఎవరో వచ్చి కూల్చారని చెప్పే ఆధారం ఏదీ ఈ నాలుగు రాతల్లో లేదు. లేనిదాన్ని పూరించడానికి ఉత్సాహపడేవాళ్లు మాత్రం ఎప్పుడూ ఉంటారు.

రాయి దొరికితే

ఈ శాసనాలను వెలుగులోకి తెచ్చిన తరం గొప్పది. లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో తెలంగాణా శాసనాల మొదటి సంపుటం ప్రచురించింది. 1953లో నేలటూరి వెంకటరమణయ్య వేములవాడ చాళుక్యుల మీద వేసిన పుస్తకం ఇప్పటికీ ఈ వంశానికి మూలగ్రంథం. వాళ్లు రాతిమీది అక్షరాల్ని చదివారు. మిగిలిన పని అక్షరం లేని రాళ్లది.

ఆ రాళ్లను గుర్తుపట్టడం మరీ కష్టం కాదు. దక్షిణాది సూర్యవిగ్రహానికి రెండు చేతులు, రెండింట్లో భుజాలదాకా లేచిన తామరమొగ్గలు, ఉత్తరాది సూర్యుడిలా మోకాళ్లదాకా జోళ్లు ఉండవు, కాళ్లు ఒట్టివి. పీఠం మీద ఏడు గుర్రాలు, పగ్గాలు పట్టిన అనూరుడు. శివలింగపు పానవట్టానికి ఉండే నీటిదారి ఈ పీఠానికి ఉండదు. గుడి ఆవరణలో ద్వారపాలకుడిగానో, ఇంటి ముందు అరుగురాయిగానో ఉన్న విగ్రహానికి ఈ గుర్తులుండి, శిల్పశైలి పదో శతాబ్దానిదైతే, జినాలయం విషయంలో పీఠశాసనం చేసిన పని ఇక్కడ ఆ రాయి చేస్తుంది.

వెతకవలసిన నేల కొంత ఇప్పటికే చేయి దాటింది. మధ్యమానేరు జలాశయం నిండాక వేములవాడ పక్కనున్న కొన్ని ఊళ్లు నీటి కిందికి పోయాయి. మూలవాగు ఒడ్డున, గుడి చుట్టూ వెడల్పు చేసే రోడ్లకూ కొత్త కట్టడాలకూ పునాదులు తీస్తున్నప్పుడు తేలే ప్రతి చెక్కిన రాయినీ, మట్టిలో ఎంత లోతున ఏ పక్కన దొరికిందో రాసి, ఫొటో తీసి, ఆ తర్వాతే కదిలించాలి. చోటు తెలియకుండా మ్యూజియానికి చేరిన సూర్యవిగ్రహం మంచి శిల్పం అవుతుంది గానీ, ఆదిత్యగృహం ఎక్కడుండేదో చెప్పలేదు.